పది తప్పినోళ్లు: తప్పెవరిది?

మాచర్ల చుట్టుపక్కల పల్లెల్లో "మీవోడు ఎంతదాకా చదివాడు?" అని అడిగితే తరచుగా వచ్చే జవాబు ఒకటుంది. "పది తప్పాడు." అంతే, ఆ రెండు మాటల తర్వాత ఎవరూ ఇంకేమీ అడగరు. అడగటానికి ఏమీ మిగలలేదన్నట్టు మాట ఎండల మీదికో, పత్తి రేటు మీదికో మళ్లుతుంది.

ఈ 'తప్పటం' అనే మాట దగ్గరే మేము ఆగదలుచుకున్నాం. దారి తప్పినవాడు, మాట తప్పినవాడు, పరీక్ష తప్పినవాడు: మన భాషలో వీళ్లంతా ఒకే వరసలో నిలబడతారు. పరీక్ష తప్పినవాడు తప్పు చేసినవాడవుతాడు. పదిహేనేళ్లకే ఒక నేరం మెడకు చుట్టుకుంటుంది. ఆ నేరానికి వాయిదాలు, సాక్షులు ఏవీ ఉండవు. తీర్పు ఒక్కటే ఉంటుంది, మెమో కాగితం మీద.

మేము పుట్టింది మాచర్లకు దగ్గర్లోని ఒక మాదిగపల్లెలో. మా ఇంట్లో పది గట్టెక్కటం మాతోనే మొదలు. మాకంటే రెండేళ్ల ముందు రాసిన మా అన్న లెక్కల్లో తప్పాడు. కావాల్సింది 35, వచ్చింది 29. మిగతావాటిల్లో మాకంటే అతనికే ఎక్కువ మార్కులు. ఆ ఏడు వాళ్ల బళ్లో లెక్కల సారు సంక్రాంతి పోయినాక గానీ రాలేదు. ఈ సంగతి మెమో మీద ఎక్కడా లేదు. అన్న ఆ వేసవిలోనే నాపరాళ్ల క్వారీకి పోయాడు. మేము రెండేళ్ల తర్వాత కాలేజీకి పోయాం. ఒకే తల్లి పిల్లలం, ఒకే దీపం కింద చదివినవాళ్లం. మధ్యలో ఉన్నది ఆరు మార్కులు. ఆ ఆరు మార్కుల చరిత్ర వెతుక్కుంటూ పోతే మేము తేలింది మా అన్న తెలివితేటల దగ్గర కాదు, నూట డెబ్భై ఏళ్ల వెనక.

కాగితం ఎట్లా పుట్టింది

1857లో మద్రాసు విశ్వవిద్యాలయం ఏర్పడింది. దాంతోపాటే మెట్రిక్యులేషన్ పరీక్ష వచ్చింది. ఇది బడి చదువు ముగిసిందని చెప్పే పరీక్ష కాదు, విశ్వవిద్యాలయంలోకి ఎవరిని రానివ్వాలో తేల్చే పరీక్ష. అది సాగేదీ ప్రధానంగా ఇంగ్లీషులో. అంటే బడి పైఎత్తున కూర్చున్నవాళ్లు తమ అవసరం కోసం పెట్టుకున్న జల్లెడ. రాను రాను ఆ జల్లెడే మొత్తం బడి చదువుకు కొలబద్ద అయింది. సర్కారు కొలువులు కూడా ఆ పరీక్ష వైపే చూశాయి. కరణీకం, కచేరీ, అక్షరం తరతరాలుగా ఎవరి ఇళ్లలో ఉన్నాయో వాళ్లే ముందు దాటారని వేరే చెప్పనక్కర్లేదు.

అదే కాలంలో పల్నాటి పల్లెల్లో ఏం జరుగుతోంది? 1842లో గుంటూరు వచ్చిన అమెరికన్ లూథరన్ మిషనరీ హయ్యర్ 1849లో గురజాల చేరి పల్నాట్లో పని మొదలుపెట్టాడు. ఊరి వీధిబడి అరుగు ఎక్కనివ్వని మాల మాదిగలకు పలక చేతికిచ్చిన తొలి చోట్లలో మిషన్ బడులున్నాయి. దీన్ని మేము తక్కువచేసి చెప్పం. అయితే ఆ బళ్లు ఎక్కువగా చదవటం, రాయటం, బైబిలు పాఠం దాకా తీసుకుపోయేవి. హైస్కూలు, కాలేజీ గుంటూరులో. పల్లె నుంచి గుంటూరుకు ఉన్న దూరం మైళ్లలో కొలిచేది కాదు.

ఈ తేడాను అప్పుడే పసిగట్టినవాడు ఫూలే. 1882లో హంటర్ కమిషన్ ముందు ఆయన పెట్టిన వాదన సారం ఇది: రైతుల, శూద్రుల, అతిశూద్రుల కష్టం మీద వచ్చే పన్ను డబ్బు పైవర్ణాల పై చదువులకు పోతోంది, కింది జనానికి ప్రాథమిక విద్య అయినా దక్కటం లేదు. పై గడపకు రంగులేసి, కింది మెట్లు కట్టకుండా వదిలేశారన్నమాట.

మద్రాసు రాష్ట్రంలో మెట్రిక్యులేషన్ స్థానంలోకి 1910 ప్రాంతాల ఎస్.ఎస్.ఎల్.సి. వచ్చింది. ఇక్కడ చాలామంది మర్చిపోయిన సంగతి ఒకటుంది. ఆ పేరుకు అర్థం బడి చదువు ముగించి వెళ్తున్నట్టు ఇచ్చే పత్రం. అందులో బడి మార్కులూ ఉండేవి, పబ్లిక్ పరీక్ష మార్కులూ ఉండేవి. మార్కులు నమోదు చేయటం పత్రం పని. కాలేజీ చదువుకు అర్హుడా కాదా అన్నది విశ్వవిద్యాలయం విడిగా తేల్చుకునే పని. అంటే చదువు ముగించటం వేరు, పై చదువుకు అర్హత వేరు అన్న తెలివిడి వంద ఏళ్ల కిందటి వలస ప్రభుత్వ కాగితంలోనే ఉంది. ఆ రెండూ కలిసిపోయి, "పాసైతేనే చదివినట్టు, లేకపోతే పదేళ్లూ దండగ" అనే స్థితి తర్వాత స్థిరపడింది. సాగనంపే కాగితం కాస్తా గెంటేసే కాగితమైంది.

ఈ లోపల మనవాళ్లకు బడి తలుపు తెరవటమే ఒక పోరాటంగా నడిచింది. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన జరిగిన సభలో పంచములమన్న పేరును కాదని ఆది ఆంధ్రులమని చెప్పుకున్నాం. పంచమ పిల్లల్ని సర్కారీ, బోర్డు బళ్లలో చేర్చుకోవాలని మద్రాసు ప్రభుత్వం 1919లో ఉత్తరువులిచ్చింది. ఉత్తరువు ఒకటి, ఊరు ఒకటి. లేబర్ శాఖ మనకోసం విడిగా బళ్లు పెట్టాల్సి రావటమే ఊరి బడి ఎట్లా ఉండేదో చెప్తుంది. ఈ తేదీల వరస చూడండి. 1857లో జల్లెడ పెట్టారు. 1919లో లోపలికి రానిచ్చే ఉత్తరువు. అరవై రెండేళ్ల తేడా. పరుగుపందెంలో ఒకడికి అరవై రెండేళ్లు ఆలస్యంగా తాడు విప్పి, గీత మాత్రం అందరికీ ఒకచోటే గీసి, వెనకపడ్డవాణ్ని "వీడికి మెరిట్ లేదు" అన్నారు. 1990లో మండల్ మీద రోడ్లెక్కినవాళ్లు మాట్లాడిన మెరిట్ కూడా ఇదే.

గడపకు అవతలి సాయం

1944లో షెడ్యూల్డు కులాల విద్యార్థులకు భారత ప్రభుత్వం స్కాలర్‌షిప్ పథకం మొదలుపెట్టింది. అప్పుడు అంబేద్కర్ వైస్రాయ్ కౌన్సిల్ సభ్యుడు. ఈ పథకం లేకపోతే మేమే కాదు, ఈ పత్రిక చదివే మనలో చాలామంది విశ్వవిద్యాలయం మొహం చూసేవాళ్లం కాదు. కానీ దాని పేరులోనే ఒక షరతుంది: పోస్ట్ మెట్రిక్. మెట్రిక్ దాటినవాడికి. దాటనివాడు ఆ సాయం దృష్టిలో లేడు.

గడపకు ఇవతల ఏముంది? 1977-78లో పాకీపని, తోళ్లపని చేసేవాళ్ల పిల్లలకు కేంద్రం ఒక ప్రీ మెట్రిక్ పథకం పెట్టింది. తొమ్మిది, పది తరగతులు చదివే పేద ఎస్సీ పిల్లలకు కేంద్ర స్కాలర్‌షిప్ వచ్చింది 2012లో. 1944 నుంచి 2012 దాకా 68 ఏళ్లు. మన రాష్ట్రంలో సాంఘిక సంక్షేమ హాస్టళ్లు, 1980ల నుంచి గురుకులాలు ఈ ఖాళీని కొంత పూడ్చాయి. మేమూ హాస్టలు అన్నం తిన్నవాళ్లమే. అయితే గురుకులంలో సీటు కావాలంటే అక్కడా ఒక ప్రవేశ పరీక్షే. హాస్టల్లో చేరినా చదివేది సర్కారు బళ్లోనే. లెక్కల సారు లేని బడికి హాస్టలు నుంచి పోయినా ఒకటే, ఇంటి నుంచి పోయినా ఒకటే.

పది తప్పితే పోయేది కాలేజీ ఒక్కటే అయితే ఇంత రాయాల్సిన పని లేదు. ఆ మెమో పుట్టిన తేదీకి రుజువు. చాలా ఐ.టి.ఐ. కోర్సులకు, ఎన్నో చిన్న కొలువులకు అదే మొదటి మెట్టు. పాస్‌పోర్టు మీద వలస తనిఖీ ముద్ర పడాలా వద్దా అన్నదీ పది పాసైనదాన్ని బట్టే. గల్ఫుకు కూలికి పోయేవాడికి ఆ ముద్ర ఎంత బరువో పోయినవాళ్లకు తెలుసు. చదువు మీద పెట్టిన పరీక్ష బతుకు మీద పెట్టిన పరీక్ష అయింది.

మార్చి నెల, మిరప చేలు

1955లో నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది. 1967లో కాలువలకు నీళ్లొదిలారు. కుడి కాలువ కింద పల్నాటి వ్యవసాయం మారిపోయింది. పత్తి, మిరప, వరి పెరిగాయి. డ్యాము పక్కనే ఉన్నా వెల్దుర్తి, దుర్గి వైపు మెట్టల్లో చాలా భాగానికి ఆ నీళ్లు అందలేదు. భూమి లేనివాళ్లకు నీళ్లు వచ్చినా రాకపోయినా ఒకటే: ఇతరుల చేలల్లో కూలి. పత్తితీతలు సంక్రాంతి అటూ ఇటూ నడుస్తాయి. మిరపకోతలు జనవరిలో అందుకుని మార్చి, ఏప్రిల్ దాకా సాగుతాయి. కోతల కాలంలో పల్లె ఖాళీ అవుతుంది. అమ్మానాన్నా పిల్లలూ ముసలివాళ్లూ ట్రాలీ ఆటో ఎక్కుతారు. దూరపు చేలకు పోయినవాళ్లు అక్కడే గుడిసెలేసుకుంటారు.

పదో తరగతి పరీక్షలు జరిగేది మార్చి, ఏప్రిల్ నెలల్లో. ప్రీ ఫైనళ్లు, రివిజన్లు, స్పెషల్ క్లాసులు జరిగేది జనవరి నుంచి. అంటే బడి ఎప్పుడు బిగుస్తుందో పల్లెకు కూలి అప్పుడే దొరుకుతుంది. ఆడపిల్లల సంగతి మరీ ఘోరం. అమ్మ కోతకు పోతే వంట, చంటిపిల్ల ఆమె మీద పడతాయి. లేదంటే ఆమే కోతకు పోవాలి. రోజంతా మిరపకాయలు కోసిన చేతులు రాత్రికి భగభగ మండుతాయి. ఆ చేత్తో కళ్లు నులుముకోకుండా చదవటం ఎట్లాగో మేము మా అక్క దగ్గర చూశాం. ఈ క్యాలెండరు ఎవరు వేశారో తెలియదు గానీ కోతకు పోయే ఇంటిని తలుచుకుని వేసింది కాదని తెలుస్తూనే ఉంది.

పైగా పాసు లెక్క ఎట్లా ఉంటుందో చూడండి. హిందీకి 20, మిగతావాటికి 35 రావాలి. ఆరు సబ్జెక్టుల్లో ఐదింట అరవయ్యేసి వచ్చినా ఒక్కదాంట్లో 34 వస్తే మెమో మీద రాసేది ఫెయిలనే. ఆ ఒక్కటి దాదాపు ఎప్పుడూ లెక్కలో, ఇంగ్లీషో, సైన్సో అవుతుంది. ఇంట్లో చెప్పేవాళ్లు లేని పిల్లకు బళ్లో సారు లేకపోతే అస్సలు రానివే అవి. ట్యూషను కొనుక్కోగలిగినవాడికి ఖాళీ పోస్టు ఖాళీగా కనబడదు.

రెండు లక్షల మంది ఒక్కసారిగా మొద్దులయ్యారా?

మా మాట అతిశయోక్తి అనిపించినవాళ్లు ఈ అంకెలు చూడాలి. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో పదో తరగతి ఉత్తీర్ణత 94.88 శాతం. 2020, 2021లో కరోనా వల్ల పరీక్షలు రద్దు చేసి అందరినీ పాస్ చేశారు. 2022లో మళ్లీ పరీక్షలు పెట్టారు. 6,15,908 మంది రాస్తే 4,14,281 మంది పాసయ్యారు. 67.26 శాతం. తప్పినవాళ్లు రెండు లక్షల పైచిలుకు.

మూడేళ్లలో మన పిల్లల బుర్రలు మారిపోయాయా? 2022లో రాసిన పిల్లలు ఎనిమిదో తరగతి చివర్లో ఉండగా బళ్లు మూతపడ్డాయి. తొమ్మిది చాలావరకు బడి లేకుండానే గడిచింది. పాఠాలు ఫోనులోకి పోయాయి. ఫోను పల్లెలో ఎన్ని ఇళ్లలో ఉంది, ఉన్నది పగలు ఎవరి జేబులో ఉంటుంది? దారి తెగిపోతే నడిచేవాళ్లు పడ్డారు. పడ్డవాళ్లను లెక్కబెట్టి "తప్పారు" అన్నాం. 2025కు శాతం 81.14కు వచ్చింది. దారి కొంత అతికిందన్నమాట. ఈ పరీక్ష పిల్లవాడి శక్తినే కొలిచేదైతే అంకె ఇట్లా ఊగదు. అది కొలిచేదాంట్లో పెద్ద భాగం పిల్లవాడికి అందిన బడిని.

ఇంకో సంగతి. 2020, 2021లో పరీక్ష లేకుండా పాసైనవాళ్లు ఇంటర్లో చేరారు, ఐ.టి.ఐ.ల్లో చేరారు, పనుల్లో చేరారు. ఆకాశం ఊడిపడలేదు.

మా చాపకూడు, మా హాల్ టికెట్

ఇంతా చెప్పి, పరీక్షే వద్దని మేము అనటం లేదు. ఇది మనలో మనం నిజాయితీగా మాట్లాడుకోవాల్సిన చోటు.

హాల్ టికెట్ నంబరు వెనక మా ఇంటిపేరు దాక్కుంది. మా కాగితం దిద్దినవాడికి మేమెవరమో తెలియదు. బళ్లో "మీకెందుకురా లెక్కలు" అన్న నోరే మాకు మార్కులు వేసి ఉంటే ఈ వ్యాసం రాసే చోటికి మేము వచ్చేవాళ్లమో కాదో. అందుకే పబ్లిక్ పరీక్ష తీసేసి మొత్తం బడి చేతిలో పెడతామంటే మొదట భయపడేది మనమే. ఇంటర్నల్ మార్కులంటే పల్లె పిల్లలకు ఎందుకు గుబులో మాస్టార్లకు చెప్పనక్కర్లేదు.

అంబేద్కర్‌కు సంస్కృతం చదువుకోనివ్వకపోతే పర్షియన్ తీసుకున్నాడు. 1907లో మెట్రిక్ పాసైనప్పుడు ఆయనకు వచ్చినవి 750కి 282. నూటికి 38 లోపే. ఒక అంటరాని పిల్లవాడు మెట్రిక్ దాటాడని అభినందన సభ పెట్టారు. ఆ కాగితం లేకపోతే ఎల్ఫిన్‌స్టన్ కాలేజీ లేదు, కొలంబియా లేదు. కాబట్టి గడప దాటటం ఎంత విలువైనదో మనకంటే ఎవరికీ ఎక్కువ తెలియదు. కానీ అదే 282ను ఇంకోవైపు నుంచి చూడండి. ఇంకో ఇరవై మార్కులు తగ్గి ఉంటే? 35 శాతం గీతకు దిగువన పడి ఉంటే? ఆ మనిషి శక్తిలో ఏం తేడా ఉండేది? మన పల్లెల్లో ఆ ఇరవై మార్కులు తగ్గినవాళ్లు ఎంతమంది క్వారీల్లో ఉన్నారు?

మాచర్ల పేరు చెప్తే చాపకూడు గుర్తొస్తుంది. బ్రహ్మనాయుడు అన్ని కులాల్నీ ఒక చాప మీద కూర్చోబెట్టాడని, మాల కన్నమదాసును సేనాపతిని చేశాడని పల్నాటి కథలు చెప్తాయి. చెన్నకేశవస్వామి గుడి ఉన్న ఊరు మాది, కారంపూడి వీరుల గుడి ఉన్న సీమ మాది. అయినా చాప ఎత్తేశాక ఎవరి పల్లెకు వాళ్లు పోయారు. పల్లె ఊరికి అవతలే ఉండిపోయింది. పరీక్ష హాలు కూడా అట్లాంటి చాపే. రెండున్నర, మూడు గంటలు అందరికీ ఒకటే బెంచీ, ఒకటే ప్రశ్నపత్రం. ఆ కాసేపటి సమానత్వం నిజమే. దానికి ముందున్న పదేళ్లు మాత్రం ఎవరివి వాళ్లవి.

ఫ్లోరిడాలో ఒక తీర్పు

ఈ గొడవ మనదొక్కటే కాదు. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం 1970లలో చట్టం చేసి, ఒక పరీక్ష పాసైతేనే హైస్కూలు డిప్లొమా అంది. మూడుసార్లు రాయనిచ్చిన తర్వాత కూడా తప్పినవాళ్లు నల్లజాతి విద్యార్థుల్లో నూటికి 20 మంది, తెల్లవాళ్లలో నూటికి ఇద్దరు కూడా లేరు. విద్యార్థులు కోర్టుకెక్కారు. 1979లో ఫెడరల్ కోర్టు ఒక మాట చెప్పింది. ఈ పిల్లలు చదువు మొదలుపెట్టింది నల్లవాళ్లకు విడిగా పెట్టిన బళ్లలో. ఆ వెలి వల్ల కలిగిన నష్టానికి వాళ్లనే శిక్షించటం కుదరదు. మొదటి తరగతి నుంచి కలిసిన బళ్లలో చదివిన బ్యాచ్ వచ్చేదాకా డిప్లొమా ఆపొద్దు. 1981లో పై కోర్టు ఇంకోటి చేర్చింది: పరీక్షలో అడిగేది బళ్లో నిజంగా చెప్పారని రాష్ట్రమే రుజువు చేసుకోవాలి.

తర్వాత రాష్ట్రం రుజువు చూపించి పరీక్షను నిలబెట్టుకుంది, నిజమే. మాకు కావాల్సింది ఆ తీర్పులోని వరస. ముందు లెక్క చెప్పాల్సింది బడి, తర్వాత పిల్లవాడు. అమెరికాలోనే మసాచుసెట్స్ ఓటర్లు 2024 నవంబరులో, రాష్ట్ర పరీక్ష పాసైతేనే డిప్లొమా అన్న షరతును తీసేశారు. పరీక్ష ఉంది, ఫలితం కూడా ఉంది. అది పిల్లవాడి మెడ మీది కత్తిగా మాత్రం లేదు.

మనం అడగాల్సింది

మన దేశంలో 2010 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం ఎనిమిదో తరగతి ముగిసేదాకా ఏ బోర్డు పరీక్షా పాసవ్వాలని పెట్టకూడదంటుంది. ఆ హామీ ఎనిమిదితో ఆగిపోతుంది. రెండేళ్లు తిరిగేసరికి, పదిహేనేళ్లప్పుడు, మొత్తం బరువు ఒక్కసారే పడుతుంది. పది తప్పినవాళ్లకు ఓపెన్ స్కూలు ఉంది. కూలి మానుకుని పుస్తకం పట్టగలిగినవాళ్లకు అదొక దారి. అందరికీ కాదు.

మేము అడిగేవి పెద్ద కోరికలేం కావు. పదేళ్లు బడికి పోయిన పిల్లకు పదేళ్లు చదివినట్టు కాగితం ఇవ్వాలి. మార్కులు ఎన్నొస్తే అన్ని వెయ్యండి, ఏ కోర్సుకు ఎన్ని కావాలో ఆ కోర్సు అడుగుతుంది. పాత ఎస్.ఎస్.ఎల్.సి. ఉద్దేశం అదే. పిల్లవాడి మార్కుల పక్కన బడి మార్కులు కూడా వెయ్యండి: ఈ సబ్జెక్టుకు టీచరు జూన్‌లో ఉన్నాడా, జనవరిలో వచ్చాడా, అస్సలు రాలేదా. సారు లేని సబ్జెక్టులో తప్పిన పిల్లను తప్పినట్టు రాయొద్దు. కోతల సీమలకు స్పెషల్ క్లాసులు కోతల ముందే పెట్టండి. కోతల మూడు నెలలూ పదో తరగతి పిల్లలకు ఊళ్లోనే ఉండి అన్నం తిని చదువుకునే చోటు చూపండి.

కార్యకర్తలకు, మాస్టార్లకు, విద్యార్థులకు ఒక పని కూడా చెప్తున్నాం. మన ఊళ్లలో ఏ బడి పాసు శాతం ఎంతో అందరికీ తెలుసు. తప్పినవాళ్లు ఏ సబ్జెక్టులో తప్పారు, ఆ ఏడు ఆ సబ్జెక్టు చెప్పినవాళ్లెవరన్నది ఎవరూ రాసి పెట్టలేదు. మీ పల్లెకు పోండి. పాత మెమోలు ఇంకా ఉంటాయి, ట్రంకుపెట్టెల్లో, బియ్యం డబ్బాల అడుగున. అడిగితే మొదట సిగ్గుపడతారు. పక్కన కూర్చుని "ఆ ఏడు మీకు లెక్కలు ఎవరు చెప్పారు?" అని అడగండి. మేము మా అన్నను పాతికేళ్లకు దగ్గరపడ్డాక మొన్ననే అడిగాం. చాలాసేపు ఆలోచించాడు. "ఎవరూ చెప్పలేదురా" అన్నాడు. అప్పటిదాకా ఆ 29 తనదే అనుకున్నాడు.